కాగితం మీద మెలికల ముగ్గు: మనసు కుదుటపడేందుకు అంచెలంచెలుగా ఒక సాధన

రోజంతా పనిలో నలిగిన మనసును పడుకునే ముందు ఎలా నెమ్మదింపజేయాలని అడిగినవారికి, కాగితం మీద చిన్న మెలికల ముగ్గు వేసి చూడమని చెబుతూ వచ్చాను. వారిలో చాలామంది రెండు రోజులకే మళ్లీ వచ్చి, వేశాము కానీ విసుగే మిగిలిందన్నారు. వివరాలు అడిగితే దాదాపు అందరిదీ ఒకే కథ. పెద్ద ముగ్గును ఎంచుకున్నారు, ఫోనులో చూస్తూ దించారు, తప్పు వచ్చినచోటల్లా చెరిపారు, త్వరగా ముగించాలని చూశారు. ముగ్గు అందంగా వచ్చిందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. చెయ్యి ఎంత నెమ్మదిగా కదిలింది, కన్ను గీతను ఎంతసేపు వదలకుండా వెంబడించింది అన్నవే ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

బొమ్మలు వేయడం రానివారికి ఇది పనికిరాదేమోనన్న అనుమానం అక్కర్లేదు. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవారి చేత 45 నిమిషాలపాటు తమకు తోచిన కళారూపాన్ని చేయించి, ముందూ తర్వాతా వారి లాలాజలంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌ను కొలిచి, ఆ ఫలితాలను 2016లో ప్రచురించింది. సుమారు నాలుగింట మూడు వంతుల మందిలో అది తగ్గింది. కళలో ముందు అనుభవం ఉండడం వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చిన్న అధ్యయనమే కనుక దాని మీద మేడలు కట్టనక్కర్లేదు గానీ, చేతిలో కళ ఉన్నవారికే ఇది దక్కుతుందన్న బెరుకు పోవడానికి సరిపోతుంది.

## 1. సిద్ధం చేసుకోవలసినవి

ఖరీదైన పుస్తకాలు, రంగుల పెట్టెలు కొనకండి. కొత్త పుస్తకం మొదటి పేజీ పాడవుతుందనే భయమే ఒక కొత్త ఒత్తిడి అవుతుంది. పిల్లల లెక్కల గళ్ల నోటుబుక్కు గానీ, ఒకవైపు ముద్రించి వదిలేసిన ఏ4 కాగితాలు గానీ చాలు.

పెన్ను విషయంలో మాత్రం కొంచెం పట్టింపు అవసరం. గట్టిగా నొక్కితే తప్ప సిరా దిగని బాల్‌పెన్ను వేళ్లను బిగదీస్తుంది. తేలికగా జారే 0.5 లేదా 0.7 మిల్లీమీటర్ల జెల్ పెన్ను మంచిది. మెత్తని 2బీ పెన్సిలుతోనూ వేయవచ్చు, కానీ రబ్బరు దగ్గర పెట్టుకోకండి. రబ్బరు చేతికందే దూరంలో ఉంటే కన్ను గీతను వదిలి తప్పులను వెదుకుతుంది.

మొదలుపెట్టే ముందు బల్ల మీద ఇవి ఉన్నాయో లేవో చూసుకోండి:

- కాగితాలు 4 లేదా 5, వాటి కింద మెత్తగా ఉండేందుకు ఒక నోటుబుక్కు
- సులువుగా జారే పెన్ను ఒకటి
- మంచినీళ్ల గ్లాసు
- గడియారం (ఫోనులోది కాదు)
- రబ్బరు, స్కేలు, చూసి వేయడానికి నమూనా ముగ్గు: ఇవేవీ ఉండకూడదు

## 2. వేళ, చోటు, కూర్చునే తీరు

భోజనమైన అరగంట తర్వాత, నిద్రకు గంట ముందు వేళ చాలామందికి కుదురుతుంది. ఆకలితో ఉన్నప్పుడు, ఎవరైనా తలుపు తట్టబోతున్నారని తెలిసినప్పుడు కూర్చుంటే ధ్యాస నిలవదు. మొదటి వారం రోజుకు 15 నిమిషాలు పెట్టుకోండి. బాగుంది కదా అని ఒకేరోజు గంటసేపు వేసి, మర్నాడు మెడ పట్టేసి మానేసినవారు నాకు తెలుసు.

బల్ల ముందు కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. నేల మీద కూర్చునేవారు పీట మీద గానీ, ఒడిలో పరచిన అట్ట మీద గానీ కాగితం పెట్టుకోవచ్చు; అయితే వెన్ను పూర్తిగా వంగిపోయేంత కిందికి కాగితం ఉండకూడదు. కుడిచేతివాటం వారికి దీపం వెలుగు ఎడమవైపు నుంచి రావాలి, ఎడమచేతివాటం వారికి కుడివైపు నుంచి. లేకపోతే చేతి నీడ సరిగ్గా పెన్ను మొన మీదే పడుతుంది.

ఫోను గదిలో లేకుండా చూసుకోండి. బోర్లా పెట్టి పక్కనే ఉంచుకున్న ఫోను పనికి అడ్డు రాదని అనుకుంటాం గానీ, అది మోగుతుందేమోనని మనసులో ఒక మూల ఎదురుచూస్తూనే ఉంటుంది.

కూర్చున్నాక కాగితం వెనుక తేదీ వేసి, అప్పటి మీ ఆందోళనకు సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేయండి. ఆలోచించి కాదు, తోచిన అంకె. ముగించాక మళ్లీ ఒక అంకె వేయాలి.

## 3. చేతిని వదులు చేయడం

రెండు నిమిషాల ఈ పనిని తప్పించుకునేవారే ఎక్కువ. పొద్దున్నుంచి కీబోర్డు మీద, బండి హ్యాండిలు మీద, కూరగాయల కత్తి మీద బిగిసి ఉన్న చెయ్యి వెంటనే నెమ్మదిగా గీయలేదు.

1. భుజాలను చెవులదాకా లేపి ఒక్కసారిగా వదిలేయండి. మూడుసార్లు చాలు.
2. పెన్నును మామూలుగా పట్టుకునే చోటుకన్నా ఒక వేలెడు పైకి పట్టుకోండి. అక్కడ పట్టుకుంటే గట్టిగా నొక్కడం సాధ్యపడదు.
3. పాత కాగితం మీద ఎడమ నుంచి కుడికి ఐదు అడ్డగీతలు గీయండి. ఒక్కో గీతకు కనీసం ఒక నిండు ఊపిరి విడిచేంత సమయం తీసుకోండి.
4. ఆపైన ఆగకుండా సాగే సున్నాల గొలుసు ఒక వరుస.

గీతలు వణికితే వణకనివ్వండి. నెమ్మదిగా గీసిన గీత వణకడం సహజం. తిన్నగా ఉన్న గీత తరచుగా తొందరలో గీసిన గీతే.

## 4. చుక్కలు పెట్టడం

ముగ్గు వేసేవారు చుక్కలను గబగబా పెట్టేసి అసలు పని గీతతో మొదలవుతుందని అనుకుంటారు. ఈ సాధనలో సగం పని చుక్కల దగ్గరే జరిగిపోతుంది. ఒక్కో ఊపిరి విడిచేటప్పుడు ఒక్కో చుక్క పెట్టాలి. ఊపిరి పీల్చుకునేటప్పుడు చెయ్యి తరువాతి చుక్క చోటుకు చేరి అక్కడే వేచి ఉండాలి.

విశ్రాంతిగా ఉన్న పెద్దవారు సాధారణంగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. చుక్కకొక ఊపిరి చొప్పున పెడుతూ పోతే ఆ లెక్క తనంతట తానే కొంత తగ్గుతుంది. ఊపిరిని బలవంతంగా బిగబట్టకండి, కొలవకండి. తల తేలిపోతున్నట్టు అనిపిస్తే చుక్కల సంగతి మరిచి మామూలుగా ఊపిరి తీసుకోండి.

చుక్క కింద చుక్క వచ్చే సరిచుక్కలతోనే మొదలుపెట్టండి. రెండు చుక్కల నడుమ చుక్క వచ్చే సందుచుక్కల ముగ్గులు చూడముచ్చటగా ఉంటాయి, నిజమే, కానీ గీత ఎటు మళ్లాలో తెలియక కొత్తవారు అక్కడే తికమకపడతారు. చుక్కకూ చుక్కకూ మధ్య సుమారు 2 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. గళ్ల పుస్తకమైతే గళ్లు లెక్కపెట్టుకుంటే సరి. ఎడం తక్కువైతే గీత పట్టడానికి చోటుండదు, చెయ్యి మళ్లీ బిగుసుకుంటుంది.

## 5. మొదటి ముగ్గు: ఆరు చుక్కలు, ఒకే గీత

పై వరుసలో మూడు చుక్కలు, కింది వరుసలో మూడు చుక్కలు పెట్టండి. పై వరుసను ఎడమ నుంచి 1, 2, 3 అనీ, కింది వరుసను 4, 5, 6 అనీ మనసులో అనుకోండి. కాగితం మీద అంకెలు వేయకండి. గీత ఏ చుక్కనూ తాకదు, రెండు చుక్కల సందులోంచి ఏటవాలుగా జారుతుంది, అంచుకు వచ్చినప్పుడు చుక్కను చుట్టి గుండ్రంగా వెనక్కి మళ్లుతుంది. పెన్ను ఎత్తకుండా ఈ దారిలో వెళ్లండి:

1. 1కి ఎడమపక్క మొదలై, దాని తల మీదుగా వెళ్లి, 1, 2 మధ్య సందులోకి దిగండి.
2. 2 కిందుగా, అంటే 2, 5 మధ్యగా జారి, 5, 6 మధ్య సందు దాటండి.
3. 6 కింద నుంచి దాని కుడిపక్కకు చుట్టి, 3, 6 మధ్యగా లోపలికి రండి.
4. 2, 3 మధ్య సందులోంచి పైకి వెళ్లి, 2 తల మీదుగా మళ్లి, 1, 2 మధ్య సందులో మొదటి గీతను దాటుతూ దిగండి.
5. 1, 4 మధ్యగా ఎడమకు వెళ్లి, 4ను ఎడమ నుంచి కిందికి చుట్టి, 4, 5 మధ్య సందులోంచి పైకి రండి.
6. 2, 5 మధ్యగా, ఆపైన 2, 3 మధ్యగా ఏటవాలుగా పైకి సాగి, 3 తలను, కుడిపక్కను చుట్టండి.
7. 3, 6 మధ్యగా లోపలికి వచ్చి, 5, 6 మధ్య సందులోంచి కిందికి దిగి, 5 కిందుగా మళ్లండి.
8. 4, 5 మధ్య సందులోంచి పైకి, 1, 4 మధ్యగా ఎడమకు వెళ్లి, బయలుదేరిన చోటును కలవండి.

చదువుతుంటే చిక్కుగా ఉంటుంది. ఒకసారి చేతితో తిరిగితే నోటితో చెప్పలేనంత సులువు. మొదటిసారి పెన్ను మూత తీయకుండా వేలితోనే ఆ దారిన రెండుసార్లు తిరిగి చూడండి.

సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక లెక్క ఉంది. ఆరు చుక్కల మధ్య మొత్తం ఏడు సందులు ఉంటాయి: అడ్డంగా నాలుగు, నిలువుగా మూడు. ప్రతి సందులోంచీ గీత రెండుసార్లు వెళ్లి, అక్కడ ఒక చిన్న ఇంటు గుర్తు పడుతుంది. ఏడు ఇంటు గుర్తులూ పడి, ప్రతి చుక్కా ఒక్కో గడిలో ఒంటరిగా ఉంటే ముగ్గు పూర్తయినట్టే.

ఇదే ముగ్గును ఆ రోజు మరో రెండుసార్లు వేయండి. మూడోసారికి దారి గుర్తుచేసుకునే పని తగ్గి, పెన్ను మొన దగ్గర సిరా తడిగా మెరిసి ఆరిపోవడం, కాగితం మీద చేసే సన్నని చప్పుడు గమనానికి వస్తాయి. ఈ సాధనలో చేరవలసిన చోటు అది.

## 6. గీసేటప్పుడు ధ్యాస ఎక్కడ ఉండాలి

చూపు పెన్ను మొన కన్నా ఒక అర సెంటీమీటరు ముందుండాలి. సరిగ్గా మొన మీదే పెడితే దారి తప్పుతారు, ముగ్గు మొత్తాన్ని చూస్తే అందం గురించిన ఆలోచన మొదలవుతుంది.

వేగానికి ఒక కొలత: ఆరు చుక్కల ముగ్గు పూర్తి కావడానికి రెండు నిమిషాలైనా పట్టాలి. అర నిమిషంలో అయిపోతే మలుపుల దగ్గర వేగం తగ్గించండి. గుండ్రని మలుపు తిరిగేటప్పుడే చెయ్యి తొందరపడుతుంది, ఎడ్లబండి పల్లానికి దిగేటప్పుడు వేగం పుంజుకున్నట్టు.

మధ్యలో ఆఫీసు మాటలు, రేపటి ఫీజులు, ఎవరో అన్న మాట గుర్తుకు వస్తాయి. వాటిని తరమబోతే ఇంకా పెరుగుతాయి. పెన్ను ఉన్నచోటే నిలిపి, ఏ ఆలోచన వచ్చిందో ఒక్క మాటలో లోపల అనుకొని, ఫీజు, గొడవ, మందులు, ఏదైతే అది, మళ్లీ గీత కదిలించండి. పదిసార్లు వస్తే పదిసార్లూ అంతే.

## 7. ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిదిద్దాలి

గీత ముందే మొదటికి వచ్చి కలిసిపోయింది. ఎక్కడో ఒక సందు దాటకుండా వెనక్కి మళ్లారన్నమాట. చెరపకండి. ఇంటు గుర్తు పడని సందులు ఎక్కడున్నాయో వెదికి, అక్కడి నుంచి రెండో గీత మొదలుపెట్టి పూర్తి చేయండి. తప్పు ఎక్కడ జరిగిందో ఆ వెదుకులాటలోనే తెలుస్తుంది.

గీత వంకరటింకరగా వస్తోంది. చాలావరకు మణికట్టు ఒక్కటే కదలడం వల్ల వస్తుంది. మోచేయి బల్ల మీద ఆనించి, ముంజేయి మొత్తం కదిలేలా గీయండి. పెద్ద మలుపుల దగ్గర కాగితాన్ని తిప్పుకోవడం తప్పేమీ కాదు.

వేళ్లు నొప్పి పుడుతున్నాయి. కాగితం వెనుక తడిమి చూడండి. గీతలు ఉబ్బెత్తుగా తగిలితే నొక్కుడు ఎక్కువైనట్టు. ఒకటి రెండు రోజులు స్కెచ్ పెన్నుతో వేస్తే ఆ అలవాటు తగ్గుతుంది, ఎందుకంటే నొక్కితే దాని మొన చెడిపోతుంది.

సిరా చేతికి అంటుకొని చెరిగిపోతోంది. ఎడమచేతివాటం వారికి ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇది. దారిని అద్దంలో చూసినట్టు తిప్పి, పై వరుస కుడి చివరి చుక్క నుంచి మొదలుపెట్టండి.

విసుగు వస్తోంది. ముగ్గు మీ ఓపిక కన్నా పెద్దదై ఉంటుంది. నేనూ మొదట్లో ఆఫీసు నుంచి వచ్చిన ఒక రాత్రి, సంక్రాంతికి వాకిట్లో వేసేంత, వరుసకు పదిహేను చుక్కలుండే ముగ్గును కాగితం మీద దించబోయి, పదకొండు గంటలకు కాగితం నలిపి పారేసి, మొదలుపెట్టినప్పటి కన్నా చిరాకుగా పడుకున్నాను. మర్నాడు ఆరు చుక్కలకు దిగాక గానీ కుదురుకోలేదు.

వేసిన ప్రతి ముగ్గునూ ఫోటో తీసి పంపాలనిపిస్తోంది. వారం రోజులపాటు ఎవరికీ చూపకండి. మొదటి మెచ్చుకోలు వచ్చిన రోజు నుంచి చెయ్యి చూసేవారి కోసం గీయడం మొదలుపెడుతుంది.

## 8. తరువాతి ముగ్గులు: ఎన్ని చుక్కలకు ఒకే గీత వస్తుంది?

నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. పైన చెప్పిన పద్ధతిలో నిండు వరుసల సరిచుక్కల మీద ముగ్గు వేస్తే, వరుసల సంఖ్యకూ, ఒక్కో వరుసలోని చుక్కల సంఖ్యకూ ఉన్న గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, విడి గీతలు అన్ని వస్తాయి. బడిలో నేర్చిన గ.సా.భా. ఇన్నాళ్లకు ఇలా పనికొచ్చింది.

మన మొదటి ముగ్గులో వరుసకు 3 చుక్కలు, వరుసలు 2; ఈ 3, 2కు గ.సా.భా. 1 కనుక ఒకే గీత వచ్చింది. మూడు వరుసల్లో మూడేసి చుక్కలు పెడితే మూడు విడి గీతలు వస్తాయి. 4, 6 అయితే రెండు. పెన్ను ఎత్తకుండా సాగే ఒకే గీత ఈ సాధనకు అనువైనది కనుక, ఈ వరుసలో పెంచుకుంటూ వెళ్లండి:

- మొదటి వారం: 3, 2 (సందులు 7)
- రెండో వారం: 4, 3 (సందులు 17)
- మూడో వారం: 5, 4 (సందులు 31)
- ఆ తర్వాత: 6, 5 (సందులు 49)

దారి ప్రతిసారీ అదే: సందుల్లోంచి ఏటవాలుగా, అంచు దగ్గర చుట్టి వెనక్కి. 30 చుక్కల 6, 5 ముగ్గుకు చుక్కలు పెట్టడానికే మూడు నిమిషాలు, మొత్తం ఇరవై నిమిషాలు పట్టవచ్చు. దాన్ని మించి పెంచనక్కర్లేదని నా అభిప్రాయం.

3, 3 ముగ్గునే ఒకే గీతగా మార్చాలనుకునేవారికి ఒక కిటుకు. రెండు వేర్వేరు గీతలు ఒకదాన్నొకటి దాటే ఒక సందును ఎంచుకొని, అక్కడ ఇంటు గుర్తు పడనీయకుండా రెండింటినీ ఎదురెదురు విల్లుల్లా వెనక్కి మళ్లిస్తే, ఆ రెండు గీతలూ ఒకటైపోతాయి. తగిన చోట్ల రెండుసార్లు ఇలా చేస్తే మూడు గీతలూ కలిసి ఒక్కటవుతాయి. ఇది బుర్రకు పని పెట్టే ఆట కనుక సెలవురోజు పగటిపూట ఆడుకోండి, పడుకునే ముందు వద్దు.

## 9. చుక్కలు నచ్చనివారికి కరివేపాకు రెమ్మ

లెక్క, క్రమం అంటేనే అలసట అనిపించేవారు కొందరుంటారు. వారు వంటింట్లోంచి ఒక కరివేపాకు రెమ్మ తెచ్చుకొని కాగితం పక్కన పెట్టుకోవచ్చు. కాగితం వైపు చూడకుండా, కన్ను ఆకు అంచు మీద చీమలా పాకుతుంటే, అదే వేగంతో పెన్ను కదలాలి. ఈనె దగ్గర మొదలై, ఒక ఆకు అంచు వెంట కొన దాకా వెళ్లి, రెండో అంచు వెంట తిరిగి ఈనెకు చేరి, పక్క ఆకుకు వెళ్లాలి.

ఆకులు కచ్చితంగా ఎదురెదురుగా కాక కొంచెం ఎగుడుదిగుడుగా పుట్టడం, కొన్నిటి కొన చిన్నగా చీలి ఉండడం, రోజూ తాలింపులో వేస్తున్నా ఇలా గీసినప్పుడే మొదటిసారి కనిపిస్తాయి. కాగితం మీద వచ్చేది కరివేపాకులా ఉండదు. ఐదు నిమిషాల తర్వాత చూసి నవ్వుకోండి, అంతే.

## 10. ఇది ఎక్కడ చాలదు

రోజువారీ అలసటకు, చిరాకుకు ఇది ఉపశమనమే గానీ చికిత్స కాదు. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా వైద్యులను కలవండి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడుతుంది.

## 11. కాగితం నుంచి నేల మీదికి

నెల రోజులు కాగితం మీద వేసినవారికి వాకిట్లో వేయాలనిపించడం సహజం. నడుం వంచి వేయలేనివారు చిన్న పీట వేసుకొని కూర్చొని వేయవచ్చు. బజారులో దొరికే ముగ్గుపిండి రాతిపొడి కనుక ఉబ్బసం ఉన్నవారు తడి సుద్దముక్కతో వేయడం మేలు.

నేల మీద గీత వేగాన్ని నిర్ణయించేది పెన్ను కాదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారే పిండి. తొందరపడితే గీత తెగుతుంది, నిలిస్తే కుప్ప పడుతుంది. కళ్లాపి చల్లిన వెంటనే వేస్తే పిండి తడిసి ముద్దవుతుంది. నీరు ఇంకి, నేల తడి మిగిలి, అరచేయి ఆనిస్తే చల్లగా తగిలి చేతికి బురద అంటనప్పుడు మొదటి చుక్క పెట్టండి.